నడుం పట్టీ కింద నాలుగు వేళ్ళ మచ్చ

సభకు అధ్యక్షులైన మన ఆసుపత్రి సూపరింటెండెంటుగారికి, ఇందాకటి నుంచీ నా గురించి నాకే తెలియని గొప్పలు చెప్పిన కిడ్నీ డాక్టరుగారికి, పొట్ట సర్జనుగారికి, ఎముకల డాక్టరుగారికి, నా తోటి సిస్టర్లకి, ఆయాలకి, ల్యాబువాళ్ళకి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ స్టూలు వదిలి ఈ హాల్లోకి వచ్చిన లిఫ్టాయనకి, అందరికంటే ముందు చెప్పాల్సింది పోయి చివర్న చెబుతున్నందుకు కోపం తెచ్చుకోకూడని మా పేషెంట్లకి, వాళ్ళ ఇంటివాళ్ళకి నా నమస్కారాలు. మొదటి వరసలో మా ఆయన ఉన్నారు. ఆయనకి విడిగా నమస్కారం పెట్టను. రేపట్నుంచి ఎలాగూ రోజంతా ఎదురెదురుగా కూర్చోవాలి. (నవ్వులు)

డాక్టరుగారు నన్ను పొగిడిన మాటల్లో చాలావాటికి నేను తల వంచుకుని కూర్చున్నాను, ఎందుకంటే పొగిడించుకోవడం హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ ఒక మాట దగ్గర మాత్రం కుర్చీలో కుదురుగా ఉండలేకపోయాను. "ముప్పై మూడేళ్ళలో ఈవిడ చేతిలో ఒక్క పొరపాటు కూడా జరగలేదు" అన్నారాయన. జరిగింది. ఆ పొరపాటుకి నాలుగేళ్ళుగా నా బదులు వేరే మనిషి క్షమాపణ చెప్పుకుంటోంది. ఆ మనిషి ఇప్పుడు ఈ హాల్లోనే ఉంది. ఇవాళ్టితో నా ఉద్యోగం అయిపోతోంది, ఇవాళ కూడా నోరు విప్పకపోతే ఇంకెప్పుడూ విప్పను, నా సంగతి నాకు తెలుసు. అందుకే మైకు పుచ్చుకున్నాను. కాస్త ఓపిక పట్టండి, టీలు చల్లారిపోతే మళ్ళీ పెట్టిస్తారు.

ముందు ఒక విషయం. ఇక్కడికి వచ్చిన మా చుట్టాల్లో సగం మందికి నేను ఇన్నేళ్ళుగా ఏం పని చేశానో ఇప్పటికీ తెలీదు. మా ఆడపడుచు అయితే నేను కిడ్నీల్లో రాళ్ళు తీస్తాననుకుంటుంది. వదినా, నేను ఒక్క రాయి తీసిన పాపాన పోలేదు. (నవ్వులు) కిడ్నీలు రెండూ పని మానేసిన మనిషికి రక్తం శుభ్రం చెయ్యడానికి రెండు దారులున్నాయి. ఒకటి మెషిను. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వచ్చి, నాలుగేసి గంటలు మంచం మీద పడుకోవాలి. రెండోది మా దారి. పొట్టకి ఒక సన్న గొట్టం అమర్చి, రెండు లీటర్ల మందునీళ్ళు లోపలికి పంపి, నాలుగైదు గంటలు ఉంచి, అవి తీసేసి మళ్ళీ కొత్తవి నింపుకోవడం. రోజుకి నాలుగుసార్లు, ఎవరింట్లో వాళ్ళే, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూనే. అది వాళ్ళకి నేర్పడం, చేతులు సరిగ్గా కడుక్కోలేదని తిట్టడం, నెలనెలా చూడటం నా పని. ఆ తిట్లకే నాకు సబ్బు సిస్టర్ అని పేరు పెట్టారు.

ఇందులో శుభ్రం చేసేది ఎవరనుకున్నారు? గొట్టమూ కాదు, నేనూ కాదు. పేగుల్ని చుట్టుకుని లోపల ఒక పొర ఉంటుంది, ఉల్లిపొర కంటే పల్చన. నాకు పని నేర్పిన పెద్ద సిస్టర్, ఇప్పుడు లేరు, "దాన్ని విప్పి పరిస్తే మనిషి ఒంటి మీద చర్మమంత ఉంటుంది" అన్నారు. నేను నమ్మలేదు. ఆవిడ వాదన పెట్టుకోకుండా ఒక దుప్పటి తెచ్చి, మడత మీద మడత వేసి, దాన్ని ఒక చిన్న బేసిన్లో పట్టించి నా ముందు పెట్టి వెళ్ళిపోయారు. ఆ బేసిను చూసిన రోజు నుంచి ఇవాళ్టి దాకా, ఏ పేషెంటు పొట్ట మీద చెయ్యి వేసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పుట్టినప్పటి నుంచీ పేగులు ఒరుసుకోకుండా చూసుకుంటూ పడి ఉన్న పొర, కిడ్నీలు చేతులెత్తేసిన రోజున, ఎవరూ నేర్పకుండా, ఆ పని నెత్తికెత్తుకుంటుంది. తేటగా లోపలికి వెళ్ళిన నీళ్ళు పచ్చగా తిరిగొస్తాయి. కొన్ని వేలసార్లు చూశాను. ఒక్కసారి కూడా మామూలు విషయంగా అనిపించలేదు. అనిపించి ఉంటే ఎప్పుడో మానేసి ఉండేదాన్ని.

ఇక అసలు సంగతి. ఐదేళ్ళ కిందట మా దగ్గరికి ఒకావిడ వచ్చింది. ఊళ్ళో అందరూ టైలరమ్మ అంటారు, మేమూ అదే అన్నాం. మందుల షాపుకీ జెరాక్సు షాపుకీ మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత ఇరుకు కొట్టు, రెండు కుట్టు మెషిన్లు, గోడ నిండా నూలు ఉండలు. ఆసుపత్రిలో మెషిను పక్కన పడుకోవడానికి వారంలో మూడు రోజులు పోతే కొట్టు మూసుకోవడమే అని, పొట్ట దారే ఎంచుకుంది. నేర్పితే నాలుగో రోజుకి నాకంటే నీటుగా బ్యాగు మార్చింది. ఒకసారి చూద్దామని కొట్టుకి వెళితే, కుట్టడం పూర్తయిన కోట్లు తగిలించే కొక్కేనికి మందునీళ్ళ బ్యాగు వేలాడుతోంది. "దారప్పోగులు ఎగిరే చోట బ్యాగు మారుస్తావా, నీకేమైనా మతి పోయిందా?" అని నేను కేకలేస్తే, మర్నాటికల్లా కొట్టు వెనకాల ప్లాస్టిక్ గుడ్డతో చిన్న గది కుట్టేసుకుంది. తలుపుకి జిప్పు కూడా పెట్టింది. (నవ్వులు)

ఆవిడని చేర్చుకున్న రోజు ఫారం నింపింది నేను. అందులో ఒక ప్రశ్న ఉంటుంది. "పొట్ట ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా?" అని అడిగాను. "లేదు సిస్టర్, కాన్పులు కూడా మామూలువే" అంది. అది నిజం. దాని కింద ఇంకో గడి ఉంటుంది, పాత మచ్చలు చూసి రాయమని. చూడాలంటే లంగా నడుం పట్టీ వదులు చేయించాలి. ఆ రోజు కర్టెన్ రింగులు ఊడి, గుడ్డ సగం దాకే వస్తోంది. అటుపక్క ఎవరో మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆవిడ ముడుచుకుపోతోంది. ఆవిడ వెనకాల ఇంకా ఆరుగురు క్యూలో ఉన్నారు. నేను పట్టీ పైన కనిపించిన పొట్ట మేరకు చూసి, "మచ్చలు లేవు" అని రాసి సంతకం పెట్టాను. గొట్టం వేసిన సర్జనుగారు నా రాత చూసి నమ్మారు. నమ్మరా మరి, సబ్బు సిస్టర్ రాసింది కదా.

ఎనిమిది నెలలు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత లెక్క తప్పడం మొదలైంది. రెండు లీటర్లు పోస్తే పదహారు వందలే తిరిగొస్తోంది. మిగతా నాలుగొందల మిల్లీలీటర్లు ఎటు పోతున్నట్టు? పాదాలు వాచాయి, బరువు పెరిగింది. గొట్టం జరిగిందేమోనని ఎక్స్‌రే తీశాం, అది ఉన్నచోటే బుద్ధిగా ఉంది. మలబద్ధకానికి మందిచ్చాం. ఏమీ లాభం లేదు. చివరికి డాక్టరుగారు "పొర అలిసిపోయినట్టుంది, రెండు వారాలు చూద్దాం, కుదరకపోతే సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతి రక్తనాళాలు కలిపి మెషిను మీదకి మార్చేద్దాం" అన్నారు. అప్పుడు టైలరమ్మ అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఎడమ చెయ్యి గుడ్డని నడిపిస్తుందండీ. కుడి చెయ్యా, ఎప్పుడో విరిగి అతికించింది. ఇక రెండోదాన్ని కూడా మీకిచ్చేస్తే నేను దేంతో కుట్టను?"

అతికించింది అని చెప్పింది, వినండి. గదిలో డాక్టరుగారున్నారు, చిన్న డాక్టరుగారున్నారు, నేనున్నాను. ఎలా అతికించారమ్మా అని ఒక్కరం అడగలేదు. చెయ్యి విరిగితే పొట్టకేం సంబంధం అనుకున్నాం.

వారం తిరక్కుండానే ఆవిడ మళ్ళీ వచ్చింది, మెడలో టేపు వేసుకునే. కొట్లోంచి తిన్నగా వచ్చేసినట్టుంది. "సిస్టర్, నా నడుం పట్టీ కుడివైపు మాత్రం బిగుసుకుపోతోంది. ఎడమవైపు వదులుగానే ఉంది. ఒళ్ళు వస్తే రెండువైపులా రావాలి కదా" అంది. "నీళ్ళు చేరాయి కదమ్మా, ఉబ్బుతుంది" అన్నాను. "నీళ్ళయినా పక్షపాతం చూపిస్తాయా? వెన్నెముక నుంచి బొడ్డు దాకా కొలిచాను. కుడివైపు అంగుళన్నర ఎక్కువుంది. మనుషుల్ని కొలిచి బతికేదాన్ని, నా కొలత నాకు తెలీదా!" అంది. కర్టెన్ మూసి, ఈసారి పూర్తిగా మూసి, పట్టీ విప్పించాను. తుంటి ఎముక పైన, సరిగ్గా పట్టీ కూర్చునే చోట, మెత్తగా గుప్పెడంత వాపు. దాని మీద నాలుగు వేళ్ళ పొడవున మచ్చ, చర్మంలో కలిసిపోయిన పాత మచ్చ.

"ఇదేంటమ్మా?"

"అదా, చెయ్యి విరిగినప్పటిది."

"చెయ్యి విరిగితే మచ్చ నడుం మీద ఉంటుందా?"

"మణికట్టు ఎముక ఎంతకీ అతుక్కోలేదండీ. పందొమ్మిదేళ్ళప్పుడు. బస్సులోంచి పడ్డాను. అతుకు వెయ్యడానికి ఎముక ముక్క కావాలని ఇక్కణ్ణుంచి తీసుకున్నారు. అది చేతి ఆపరేషనే కదా సిస్టర్. మీరు పొట్టవి అడిగారు."

స్టూలు లాక్కుని కూర్చుండిపోయాను.

మందునీళ్ళలో రంగుమందు కలిపి స్కాను తీశారు. తెరమీద తెల్లగా కనిపించాయి ఆ నీళ్ళు. ఎముక తీసినచోట కండరాలకి పట్టు చాలక రెండు వేళ్ళ సందు ఏర్పడింది, అందులోంచి పొర బయటికి తోసుకొచ్చి, చిట్లి, నీళ్ళు చర్మం కింద వీపు దాకా పాకాయి. మా నాలుగొందలూ అక్కడ దొరికాయి. పొర అలిసిపోలేదు, పాపం, దాని పని అది చేస్తూనే ఉంది. ఎముకల డాక్టరుగారూ, మీరు నవ్వుతున్నారు గానీ, పొట్ట మాది కాదని మీరంటారు, ఎముక మాది కాదని మేమంటాం, ఆ మచ్చ చూడబోతే మన ఇద్దరి గట్టు మీదే కూర్చుని ఉంది. (నవ్వులు) ఇరవై ఏడేళ్ళు ఆ సందు ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండు కాన్పులు ఓర్చుకుంది, గుడ్డల మూటలు ఓర్చుకుంది, దగ్గులూ తుమ్ములూ ఓర్చుకుంది. రెండు లీటర్ల నీళ్ళతో, కుట్టు మెషిను మీదకి వంగి, రోజుకి ఏడెనిమిది గంటలు కూర్చునేసరికి మాత్రం ఇక ఓర్చుకోలేకపోయింది. కూర్చున్నప్పుడే పొట్టలో ఒత్తిడి ఎక్కువ, పడుకున్నప్పుడు తక్కువ. ఆ సంగతి మేము పుస్తకంలో చదివాం, ఆవిడ పట్టీ బిగువులో కనిపెట్టింది.

ఎముకల డాక్టరుగారు అప్పుడే ఆవిడ మణికట్టు ఎక్స్‌రే కూడా తీయించారు. నన్ను పిలిచి చూపించారు. "అతుకు ఎక్కడుందో చెప్పండి" అన్నారు. ఎంత వెతికినా నాకు దొరకలేదు. దొరకదు కూడా. నడుములోంచి వచ్చిన ముక్క మణికట్టులో మణికట్టే అయిపోయింది. ఇరవై ఏడేళ్ళుగా బట్టలు కుడుతోంది. ఆ ఫిలిం పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. దేవుడి గురించి మా ఇంట్లో రకరకాల అభిప్రాయాలున్నాయి, వాటి జోలికి పోను. ఆ నిమిషంలో మాత్రం నాకు దణ్ణం పెట్టాలనిపించింది, ఎవరికో తెలీకుండానే.

(ఆగి, నీళ్ళు తాగి)

ఆపరేషనుకి ముందు అందరం కూర్చున్నాం, టైలరమ్మ కూడా ఉంది. డాక్టరుగారు ఫైలు తిరగేస్తూ, "ఈ పాత ఆపరేషను సంగతి మనకి ముందే ఎందుకు తెలీలేదు?" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అడిగారు. నేను నోరు తెరిచేలోగా టైలరమ్మ, "నేనే చెప్పలేదండీ, నాదే తప్పు" అంది. డాక్టరుగారు ఫైల్లో "రోగి తెలియజేయలేదు" అని రాశారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. అంతే. నేను చేసింది అంతే. అబద్ధం ఆడలేదు, నిజం చెప్పలేదు, పక్కనే నిలబడి ఆ రెండు ముక్కలూ రాయనిచ్చాను.

పొట్ట సర్జనుగారూ ఎముకల డాక్టరుగారూ కలిసి చేశారు ఆ ఆపరేషను. ముందురోజు ఆవిడ సర్జనుగారిని పట్టుకుంది. "చిరుగు ఎంతండీ?" "రెండు వేళ్ళు." "మాసిక ఎంత వేస్తున్నారు?" "చుట్టూ రెండేసి వేళ్ళు ఎక్కువ." "చాలదు, మూడేసి వెయ్యండి. పాతగుడ్డ అంచు కుట్టు నిలవదు, గట్టి చోటు చూసి కుట్టాలి." సర్జనుగారు బయటికొచ్చి, "ఈవిడ ఎక్కడ చదివిందండీ?" అన్నారు నాతో. మూడేసి వేళ్ళే వేశారు, తుంటి ఎముకకే చిల్లులు పెట్టి, వలలాంటి ఆ మాసికని ఎముకకి కుట్టారు. ఆరు వారాలు పొట్టకి విశ్రాంతి. మెడ దగ్గర గొట్టం పెట్టి మెషిను మీద గడిపాం. చేతులు రెండూ ఎవరూ ముట్టుకోలేదు. ఏడో వారంలో ఒక్క లీటరుతో, పడుకోబెట్టి మొదలుపెట్టాం. లీటరు పోస్తే లీటరూ, ఆ పైన కొసరూ తిరిగొచ్చింది. నేనూ ఆవిడా ఆ బ్యాగు వంక చూస్తూ ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. నాలుగేళ్ళయింది. కొట్టు నడుస్తోంది. ఇవాళ నేను వేసుకున్న ఈ కోటు ఆవిడ కుట్టిందే, కొలతలు తీసుకునేటప్పుడు నా నడుం గురించి అన్న మాటలు ఇక్కడ చెప్పను. (నవ్వులు)

ఆ తర్వాత ఫారంలో ప్రశ్న మార్చాం. పొట్ట ఆపరేషన్లు అయ్యాయా అని అడగం. "ఒంటి మీద ఎక్కడెక్కడ కత్తి పడింది, అన్నీ చూపించండి" అంటాం. చూసి రాస్తాం. కర్టెన్ రింగులు కూడా కొత్తవి వేయించాను. నిరుడు తుంటి మార్పిడి అయిన పోస్ట్‌మాన్ ఒకాయన వస్తే, అలా అడగబట్టే తుంటిలోని స్క్రూ మొన ఒకటి లోపలికి పొడుచుకొచ్చిందని ముందే తెలిసింది, గొట్టాన్ని రెండోవైపుకి వేశాం. డాక్టరుగారు ఇందాక ఆ మార్పు తెచ్చింది నేనేనని మెచ్చుకున్నారు. అవును, నేనే. ఎందుకు తెచ్చానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎందుకంటే టైలరమ్మ నెలనెలా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ, లేచి వెళ్ళేటప్పుడు ఒక మాట అంటుంది. "అప్పుడు నేను చెప్పకపోబట్టే కదా సిస్టర్ మీకందరికీ అంత శ్రమ." ప్రతి నెలా. నేను "పోనీలే అమ్మా" అంటాను. చూడండి ఎంత పెద్ద మనసో నాది! నా తప్పుకి ఆవిడని క్షమిస్తున్నాను.

సూపరింటెండెంటుగారూ, కిడ్నీ డాక్టరుగారూ, మీరు నాకు ఏం బహుమతి కావాలని అడిగారు. ఆ ఫైలు తెప్పించండి. "రోగి తెలియజేయలేదు" అన్న మాట కొట్టేసి, "సిస్టర్ చూడలేదు, చూడకుండానే రాసింది" అని రాయండి. సంతకం నేను పెడతాను. (కిడ్నీ డాక్టరుగారు లేచి నిలబడి తల ఊపారు.) టైలరమ్మా, నువ్వు ఏమీ దాచలేదు. అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పావు. నేను సరిగ్గా అడగలేదు, చూడమన్న చోట చూడలేదు. నాలుగేళ్ళు నిన్ను ఆ బరువు మొయ్యనిచ్చాను. నన్ను క్షమించమ్మా.

(వెనక వరసలో టైలరమ్మ లేచారు. ఏదో అన్నారు, వినపడలేదు.)

ఏంటమ్మా? ఆవిడకి మైకు ఇవ్వండి.

"నాకు తెలుసు సిస్టర్. ఆ రోజు మీరు పట్టీ వదులు చేయించకుండా మచ్చలు లేవని రాసుకోవడం నేను చూశాను. మీటింగులో మీ మొహం కూడా చూశాను. తప్పు మీదని తేలితే మిమ్మల్ని వేరే వార్డుకి మార్చేస్తారేమో అనుకున్నాను. మంచితనం ఏమీ కాదండీ, భయం. మళ్ళీ పొట్టలోకి నీళ్ళు పోసేటప్పుడు పక్కన మీరుండాలి నాకు."

మరి ప్రతి నెలా నీదే తప్పని ఎందుకన్నావు?

"నేను ఆ మాట ఎత్తినప్పుడల్లా మీరు ఏదో చెప్పబోయి ఆగిపోయేవారు. ఈసారి చెప్పేస్తారేమో, మీ మనసు తేలికపడుతుందేమో అని మళ్ళీ ఎత్తేదాన్ని. అంతే సిస్టర్."



నాలుగేళ్ళు. నెలకొకసారి. ఇక నా వల్ల కాదండీ. ఇంకా చాలామందికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి, తప్పుగా అనుకోకండి, అందరికీ కలిపి ఒక్క దణ్ణం. టైలరమ్మా, నువ్వు రాకు, అక్కడే ఉండు. నేనే నీ దగ్గరికి వస్తున్నాను. సెలవు.